భావోద్రేకము - సృజనాత్మక చింతన

కవికి శోకము కలిగినచో కావ్యమును, హర్షము కలిగినచో గేయమును పుట్టునని లోకమున ఒక నమ్మిక కలదు. విమర్శకులు సైతము కవిజీవితమున ఒక దుఃఖఘట్టమును వెదకి, దానినే కృతికి కారణముగ నిర్ణయించుట తఱచు. ఈ కార్యకారణసంబంధము అంత సూటియైనదా యనునది ఇచట విచార్యము.

మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఏనాడో గుర్తించిరి. భరతుడు 8 స్థాయిభావములను, 33 వ్యభిచారిభావములను చెప్పెను. స్థాయి నిలుకడ గలది. వ్యభిచారి వచ్చి పోవునది. క్రౌంచవధ వలన కలిగిన శోకమే శ్లోకమయ్యెనని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పగా, దానిని లోచనమున వ్యాఖ్యానించుచు అభినవగుప్తుడు ఆ శోకము మునియొక్క సొంత దుఃఖము కాదనెను. స్వదుఃఖముచే తపించువానికి రసము పొసగదని ఆయన యుక్తి. భావము అనుభూతమైన మాత్రమున చాలదు. స్వపరభేదమును విడిచి ఆస్వాద్యము కావలెనని దీని తాత్పర్యము.

ఆధునిక మనస్తత్త్వశాస్త్రము ఇట్టి ప్రశ్ననే ప్రయోగమార్గమున పరీక్షించినది. కార్ల్ డుంకర్ కల్పించిన కొవ్వొత్తి సమస్య ప్రసిద్ధము. ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పెట్టెనిండ చిన్న మేకులు ఇచ్చి, మైనము క్రింద కారకుండ కొవ్వొత్తిని గోడకు నిలుపుమందురు. పెట్టెను ఖాళీచేసి గోడకు బిగించినచో అదియే పీట యగును. పెట్టె మేకులు దాచుటకే యను తలపు తొలగిననే గాని ఈ ఉపాయము తట్టదు. 1987లో ఆలిస్ ఐసెన్, ఆమె సహచరులు ప్రకటించిన ప్రయోగములలో, కొలది నిమిషములు హాస్యచిత్రమును చూచినవారు తక్కినవారికంటె హెచ్చుమంది దీనిని సాధించిరి. ఉల్లాసము తలపుల కట్లను సడలించునని దీనివలన తెలియుచున్నది.

అయితే ఉల్లాసమొక్కటియే కారణము కాదు. 2008లో బాస్, డె డ్రూ, నైస్టాడ్ అను పరిశోధకులు 25 ఏండ్ల పరిశోధనలను క్రోడీకరించి, భావము సుఖకరమా దుఃఖకరమా అనుటతోపాటు, అది మనస్సును ఉత్తేజపఱచునదా కాదా అనునది కూడ ముఖ్యమని చూపిరి. ఉత్తేజకమైన సుఖభావము తలపును బహుముఖముగ ప్రసరింపజేయును. క్రోధము వంటి ఉత్తేజకమైన దుఃఖభావము ఒకే విషయమున పట్టుదలతో నిలుపును. ఉత్తేజము లేని విషాదమునుండి సృజనకు చెప్పదగిన లాభము కానరాలేదు.

ఈ రెండు మార్గములకును తెలంగాణమున నిదర్శనములు కలవు. సిద్దిపేట జిల్లా దౌల్తాబాదు వంటి పల్లెలలో బతుకమ్మ చుట్టు తిరుగుచు స్త్రీలు పాడునపుడు, ఒకరు చరణము నెత్తుకొన తక్కినవారు అందుకొందురు. చప్పట్ల లయ, సామూహికోల్లాసము మనస్సును విప్పును. ‘ఉయ్యాలో’ అను పల్లవి తరువాతి చరణమును తలచుకొనుటకు వ్యవధి నిచ్చును. ఇది మొదటి మార్గము. నిజాము పాలనలో నిజామాబాదు జైలున బంధితుడైన దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. 1949లో వెలువడిన అగ్నిధార ఆ కాలపు క్రోధమునకు కావ్యరూపము. ఇది రెండవ మార్గము. క్రోధము పట్టుదల నిచ్చినను, పద్యమునకు నడక నిచ్చినది ఛందోభ్యాసమే.

మఱి విశ్వనాథ సత్యనారాయణ భార్యావియోగమున రచించిన వరలక్ష్మీ త్రిశతి మాటేమి? విషాదము సృజనకు తోడ్పడదన్నచో ఇది ఎట్లు సంభవించెను? ప్రయోగశాలలో కలిగించు భావము నిమిషములపాటు నిలుచునది. భరతుని పరిభాషలో అది వ్యభిచారికి సన్నిహితము. కవిశోకమో చిరకాలము వాసించి, అభ్యాసముచే సంస్కృతమై, స్థాయిగ నిలుచును. కావున ప్రయోగఫలితములను కావ్యమునకు యథాతథముగ అన్వయింపరాదు.

దీనివలన పరిశోధకులు గ్రహింపదగినది ఒకటి కలదు. కవిజీవితమున దుఃఖమును చూపినంతనే కృతికి కారణము చెప్పినట్లు కాదు. ఆ దుఃఖమునకును రచనకును నడుమ గడచిన కాలమెంత, అది ఏ అభ్యాసముచే రూపొందెను, అందు కవి ఎంత తాటస్థ్యమును సాధించెను అనునవి పరిశీలింపవలెను. ఉపాధ్యాయులకును ఇదియే సూచన: భీతిగొన్న తరగతిలో క్రొత్త తలపు మొలకెత్తుట అరుదు. మమ్మటుడు కావ్యహేతువుగ చెప్పిన శక్తి, నిపుణత, అభ్యాసములలో భావోద్రేకమునకు వేఱుగ స్థానము లేదు. భావము నిప్పురవ్వ, వంటచెఱకు ముందే సిద్ధమై యుండవలెను.