పాలకొల్లు బాలుడు – పరదేశపు వాద్యం

పిల్లలూ! హైదరాబాదులోని కృష్ణానగర్‌లో సినిమాలకు పనిచేసేవారు ఎందరో కాపురముంటారు. సినిమా పాటలో వీణా, గిటారూ కలిసి మోగితే మనకు వింత తోచదు. మరి కర్ణాటక సంగీత కచేరీలో?

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నతనంలోనే మాండొలిన్ పట్టారు. అది ఇటలీ వాద్యం. దానిమీద గమకాలు పలుకుతాయా అని సంగీతం తెలిసినవారే సందేహించారు. ఆ సందేహంలో న్యాయం లేకపోలేదు. గమకమంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించటం. మాండొలిన్‌కు ఉండేవి జంట తీగలు. మీటిన నాదం చప్పున ఆరిపోతుంది. ఇక స్వరం ఊగేందుకు వ్యవధి ఏదీ?

శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ తీసుకుని, జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలతో వాయించారు. ఒంటి తీగ వేలికి లొంగుతుంది. విద్యుత్తువల్ల నాదం నిలుస్తుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేసేనాటికి ఆయనకు పదేళ్లయినా నిండలేదు!

ఫిడేలు మాత్రం? అదీ యూరపునుంచి వచ్చినదే సుమా! బాలుస్వామి దీక్షితులు (1786–1858) దాన్ని మన బాణీకి తెచ్చిన తొలివారిలో ఒకరు.

తరువాత శ్రీనివాస్ ఇంగ్లండు గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో, తబలా జాకిర్ హుస్సేన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో వాయించారు. 2014లో కన్నుమూశారు. మీ అమ్మానాన్నలనడిగి ఆయన వాయించిన త్యాగరాజ కీర్తన ఒకటి వినండి. పిమ్మట ఆ బృందపు వాద్యం వినండి. ఊగే స్వరం రెండింట్లోనూ దొరుకుతుందేమో చూడండి!