గోడకాగితం వెనక ఎవరు?

పాడుబడ్డ కోట, కిర్రుమనే తలుపు, మేడమీద తాళం వేసిన గది... గోథిక్ కథ అనగానే గుర్తొచ్చేవి ఇవే. భయపెట్టడం ఒక్కటే వాటి పని కాదు. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'లో పెళ్లిరోజునే వారసుడి మీద కొండంత శిరస్త్రాణం పడుతుంది. పూర్వీకులు అన్యాయంగా కాజేసిన కోట అది! 1839 నాటి ఎడ్గార్ అలన్ పో కథలో అషర్ల ఇంటి గోడకో పగులు. చివరికి ఆ వంశమూ ఇల్లూ ఒకేసారి కూలిపోతాయి.

వీటిని క్లాసులో చెప్పడమే చిక్కు. 'పగులు అంటే పతనం, చీకటి అంటే చావు' అని బోర్డు మీద రాసేస్తే పిల్లలు బట్టీపట్టేస్తారు. మార్కులొస్తాయి, కథ పోతుంది.

అందుకే షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ద యెల్లో వాల్‌పేపర్' పాఠానికి బాగా పనికొస్తుంది. బాలింత అయిన ఓ ఇల్లాలికి మనసు బాగోదు. భర్త డాక్టరు. దుర్మార్గుడేం కాదు, ప్రేమగానే చూసుకుంటాడు. విశ్రాంతి పేరుతో మేడమీద గదిలో ఉంచుతాడు, ఏమీ రాయొద్దంటాడు. ఆమెకిక మిగిలింది గోడకు అతికించిన పసుపుపచ్చ కాగితమే.

ముందు మామూలు దెయ్యం కథలా చదివించాలి. రెండోసారి, కాగితం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీయించాలి. అప్పుడు పిల్లలకే కనిపిస్తుంది... మొదట అది వికారమైన రంగు, అంతే. తర్వాత దాని వెనక ఏదో ఆకారం. వెన్నెల్లో ఆ గీతలు ఊచలవుతాయి. ఊచల వెనక ఒక ఆడమనిషి!

రచయిత్రి సొంత కథ ఆ తర్వాతే చెప్పాలి. ముందే చెబితే అదీ ఇంకో బట్టీ జవాబవుతుంది. 1887లో గిల్మన్ కుంగుబాటుకు పేరుమోసిన డాక్టర్ సైలస్ వెయర్ మిచెల్ దగ్గర వైద్యం చేయించుకున్నారు. ఇంటిపట్టున ఉండమనీ, ఇక కలం ముట్టొద్దనీ ఆయన సలహా. ఆ మాట పాటించి పిచ్చి అంచుదాకా వెళ్లానని 1913లో ఆమే రాశారు. కథ అచ్చయ్యాక ఓ ప్రతి ఆ డాక్టరుకూ పంపారు. జవాబు రాలేదు.

ఇక క్లాసులో అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుంది. ఆ గది కిటికీలకు ఊచలున్నాయి. గోడలకు రింగులు. మంచాన్ని నేలకు బిగించేశారు. ఒకప్పుడు పిల్లలు ఆడుకున్న గది కాబోలు అనుకుంటుంది ఆమె. పిల్లల గదిలో మంచాన్ని అలా ఎందుకు బిగిస్తారు?