మూడు వేదికలు, ఒకే కంఠము: బల్‌రాజ్ సాహ్నీ నటజీవితము

రేడియో నాటకమును వినునప్పుడు మనము నటుని చూడము. అక్కడ వేషము లేదు, ముఖకవళిక లేదు, తెర లేదు. ఉన్నది కంఠ మొక్కటియే. రంగస్థలముపై ఆ కంఠమే చివరి వరుసలో కూర్చున్నవాని చెవికి చేరవలెను. సినిమాలో దానికి కెమెరా తోడగును. ఈ మూడింటి ధర్మములు వేరు వేరు. ఒకచోట గుణమైనది మరియొకచోట దోషము కావచ్చును. నాటకములలో పేరు మోసిన నటుడు మైకు ముందు నిలిచి గొంతు చించుకొనుటయు, తెరమీద మెప్పు పొందినవాడు రంగమెక్కి ఎవరికిని వినబడకపోవుటయు అరుదు కాదు. మూడు చోట్లను రాణించినవారు కొలదిమంది. వారిలో ఒకడైన బల్‌రాజ్ సాహ్నీ జీవితమును ఈ దృష్టితో పరిశీలింపదలచితిమి.

ఆయన 1913 మే 1వ తేదీన రావల్పిండిలో జన్మించెను. లాహోరులో ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. పట్టము పొంది, కొంతకాలము శాంతినికేతనమున అధ్యాపకుడుగా నుండెను. ఒకనాడు రవీంద్రుడు, నీవే భాషలో వ్రాయుదువని ఆయన నడిగెను. హిందీలో నని సాహ్నీ బదులు చెప్పగా, నీ మాతృభాష పంజాబీ కదా, అందేల వ్రాయవని గురుదేవుడు ప్రశ్నించెను. ఆ మాట అప్పుడాయనకు రుచింపలేదు. కాని కాలక్రమమున పంజాబీ రచయితయై, తన పాకిస్తాన్ యాత్రను ఆ భాషలోనే గ్రంథస్థము చేసెను. మనుష్యుని భాషలోనే మనుష్యుని నిజమున్నదను ఎరుక ఆయనకు నటనలోను అక్కరకు వచ్చెను.

శాంతినికేతనము నుండి వార్ధాకు పోయి, గాంధీజీ సన్నిధిని కొంతకాలము పనిచేసి, పిమ్మట లండను చేరి బి.బి.సి. హిందుస్తానీ ప్రసారములలో అనౌన్సరు అయ్యెను. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. ప్రసిద్ధ రచయిత జార్జ్ ఆర్వెల్ కూడ 1941 నుండి 1943 వరకు ఆ సంస్థలోనే, భారతదేశమునకు చేయు ప్రసారముల విభాగమున నుండెను.

ఇచ్చట మైకు స్వభావమును కొంచెము వివరింపవలసి యున్నది. స్టూడియోలో మాటలాడువాని ముందు సభ యుండదు, చప్పట్లుండవు. వినువాడు వేలమైళ్ల దూరమున, తన యింట, ఒంటరిగా కూర్చుండి యుండును. మాటలాడవలసినది జనసమూహముతో కాదు, ఆ ఒక్కనితో. మైకు ఊపిరిని సైతము పట్టును. ఆవేశము నటించినచో ఆ నటనను కూడ పట్టును. అందువలన అక్కడ గొంతు పెంచుట కంటె గొంతు తగ్గించుటయే కష్టమైన విద్య. బల్‌రాజ్ సాహ్నీ సంభాషణలను తెరమీద విన్నవారికి ఆ నిదానము, ఆ పొదుపు స్ఫురింపక మానవు.

యుద్ధము ముగియకమునుపే ఆయన స్వదేశము చేరి, బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్‌లో ప్రవేశించెను. తెలుగునాట డాక్టరు గరికపాటి రాజారావు ప్రభృతులు నడపిన ప్రజానాట్యమండలి ఈ ఉద్యమపు శాఖయే. స్టూడియోలో ఒక్కని కొఱకు పలికిన కంఠము ఇప్పుడు వందలమంది ముందు పలుకవలసి వచ్చెను. 1943 నాటి వంగదేశపు కరవును గూర్చి ఆ సంఘమే నిర్మింపగా, ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ దర్శకత్వమున 1946లో వచ్చిన 'ధర్తీ కే లాల్' చిత్రమున ఆయన రైతు పాత్ర ధరించెను.

అయినను సినిమా ఆయనకు సులభముగా లొంగలేదు. కెమెరా ముందు అవయవములు బిగుసుకొనిపోయెడివని తన ఆత్మకథలో దాచుకొనక చెప్పెను. రాజకీయ కారణముల వలన కారాగారవాసము కూడ తటస్థించెను. 1951లో విడుదలయైన 'హల్‌చల్' చిత్రమున ఆయనది జైలరు పాత్ర; ఆ దినములలో ఆయన నిజముగా ఖైదీ. అనుమతితో చిత్రీకరణకు వచ్చి, అక్కడ జైలరు వేషము వేసి, మరల జైలుకు పోయెడివాడు.

1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' ఆయన జీవితమున మలుపు. చక్కని సూటు ధరించి వచ్చిన ఈ విద్యావంతుడు రిక్షా లాగు పేదరైతుగా ఎట్లు పనికివచ్చునని మొదట దర్శకుడే సందేహించెను. 'ధర్తీ కే లాల్' లోని నటన ఆ సందేహమును తీర్చెను. సాహ్నీ బొంబాయి శివారున జోగేశ్వరిలో పశువులను పెంచుకొను ఉత్తరదేశీయుల నడుమ తిరిగి, వారి నడకను, మాటతీరును, తలపాగ చుట్టు విధమును గమనించెను. కలకత్తా వీథులలో స్వయముగా రిక్షా లాగెను. ఐనను తన నటనపై తనకే నమ్మకము చిక్కలేదు. అట్టి సమయమున ఒక రిక్షావాడు దరిజేరి, ఇక్కడ ఏమి జరుగుచున్నదని అడిగెను. సాహ్నీ కథ చెప్పెను. విన్నంతనే అతడు కంటనీరు పెట్టుకొని, ఇది నా కథయే యనెను. బీహారులో తనకున్న రెండు బీఘాల నేల జమీందారు తాకట్టులో నున్నదనియు, దానిని విడిపించుటకే పదునైదేండ్లుగా రిక్షా లాగుచున్నాననియు చెప్పెను. ఆనాటి నుండి నటనాసిద్ధాంతములను ప్రక్కకు నెట్టి, ఆ మనుష్యుని ఆత్మనే అరువు తెచ్చుకొంటినని సాహ్నీ వ్రాసెను. 1954లో కాన్ చిత్రోత్సవమున ఆ చిత్రమునకు అంతర్జాతీయ బహుమతి లభించెను.

1961లో 'కాబూలీవాలా'లో పఠానుగా, 1965లో 'వక్త్'లో ధనిక వర్తకుడుగా కనిపించెను. ఒకదానిలోని ఉచ్చారణ మరొకదానిలో లేదు. కంఠ మొక్కటియే, పలికిన మనుష్యులు వేరు.

ఆయన కడపటి పరీక్షయు కంఠమునకే వచ్చెను. ఎం.ఎస్. సత్యు దర్శకత్వమున ఆగ్రాలో తీసిన 'గరమ్ హవా'లో ఆయన, దేశవిభజన తరువాత బంధువు లొక్కరొక్కరే వెడలిపోవుచుండగా పుట్టిననేలను విడువని సలీం మీర్జా. ఆ పాత్ర కుమార్తెను కోల్పోవును. సాహ్నీ సహితము అప్పటికి కొలదికాలము క్రిందటనే తన కుమార్తెను కోల్పోయి యుండెను. ఆ ఘట్టమున ఆయన రోదింపలేదు, కేక వేయలేదు. చిత్రీకరణ సమయమున ధ్వని ముద్రింపనందున సంభాషణలన్నియు తరువాత డబ్బింగు చేయవలసి వచ్చెను. అనగా ఆ దుఃఖమునంతటిని చీకటిగదిలో, మైకు ముందు నిలిచి, ఆయన మరల పలుకవలసి వచ్చెను. ఆ పని ముగించిన మరునాడే, 1973 ఏప్రిల్ 13వ తేదీన, గుండెపోటుతో కన్నుమూసెను. తెరమీది ఆ చిత్రమును ప్రజలు చూచినది 1974లో.

మైకుతో ఆరంభమైన నటజీవితము మైకు ముందే ముగిసినది. ఇందు మా కర్థమైన దొక్కటి. మంచి కంఠము జన్మతః లభింపవచ్చును. కాని పరుల గుండెను పలికించు కంఠము, ముందుగా పరుల మాటను ఓపికతో విన్నవానికే లభించును. వీథిలో ఒక రిక్షావాని మాటకు చెవి యొగ్గినందుననే సాహ్నీ శంభూ కాగలిగెను. మైకు ముందు నిలువగోరు మన యువకులు గొంతుకు సాధన చేయుదురు గాక. దానితోపాటు చెవికిని సాధన చేయవలెనని మా విన్నపము.