ఏటీఎం స్విచ్‌లలో వర్చువల్ కనెక్షన్ల పరిమితి

ఎసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్ (ఏటీఎం) అనేది సమాచారాన్ని 53 బైట్ల సెల్‌లుగా విడగొట్టి పంపే నెట్‌వర్క్ పద్ధతి. బ్యాంకులలో నగదు తీసుకొనే ఏటీఎం యంత్రానికీ దీనికీ సంబంధం లేదు. ఈ పద్ధతిలో సమాచారం పంపే ముందే మార్గాన్ని నిర్ణయిస్తారు. ఆ మార్గాన్ని వర్చువల్ కనెక్షన్ అంటారు. ఒక స్విచ్ ఏకకాలంలో నిర్వహించగల కనెక్షన్ల సంఖ్యకు పరిమితి ఉంటుంది.

గుర్తింపు సంఖ్యలు

ప్రతి సెల్‌లో 5 బైట్లు శీర్షిక, 48 బైట్లు సమాచారం ఉంటాయి. శీర్షికలో వర్చువల్ పాత్ సంఖ్యకు వినియోగదారుని వైపు 8 బిట్లు, స్విచ్‌ల మధ్య 12 బిట్లు కేటాయించారు. వర్చువల్ ఛానెల్ సంఖ్యకు 16 బిట్లు ఉన్నాయి. అనగా వినియోగదారుని లింకుపై 1,67,77,216 సంఖ్యలు సాధ్యం. అయితే ప్రతి పాత్‌లోనూ 0 నుండి 31 వరకు గల ఛానెళ్ళు ప్రత్యేక అవసరాలకు కేటాయించబడ్డాయి.

ఈ సంఖ్యలు ఒక లింకుకు మాత్రమే వర్తిస్తాయి. ఉదాహరణకు 1వ పోర్టుపై 0/100 సంఖ్యతో వచ్చిన సెల్, 3వ పోర్టు నుండి 0/245 సంఖ్యతో వెళ్ళవచ్చు.

అసలు పరిమితి

ఈ మార్పిడి కొరకు స్విచ్ ప్రతి కనెక్షన్‌కూ పట్టికలో ఒక నమోదు ఉంచాలి. బయటకు వెళ్ళే పోర్టు, కొత్త సంఖ్య, హామీ ఇచ్చిన వేగం మొదలైన వివరాలు అందులో ఉంటాయి. కావున శీర్షికలోని బిట్ల కంటే స్విచ్‌లోని మెమరీయే ముందుగా అడ్డు వస్తుంది. పట్టిక నిండితే లింకులో ఖాళీ ఉన్నప్పటికీ కొత్త కనెక్షన్ తిరస్కరించబడుతుంది; పాతవి యథాతథంగా కొనసాగుతాయి. అనేక ఛానెళ్ళను ఒకే పాత్‌గా కట్టి పంపితే, మధ్యలోని స్విచ్‌లకు ఒక్క నమోదు సరిపోతుంది.

కనెక్షన్ల పెరుగుదల

n రౌటర్లలో ప్రతి ఒక్కదానినీ మిగిలిన అన్నిటితో కలపడానికి n(n-1)/2 కనెక్షన్లు కావాలి. 10 రౌటర్లకు 45 చాలు, 100 రౌటర్లకు 4,950 కావాలి. 1990లలో ఏటీఎంపై ఇంటర్నెట్ నడిపిన సంస్థలకు ఇది పెద్ద సమస్య అయింది. ఒకే గమ్యానికి వెళ్ళే కనెక్షన్లను కలిపివేయడం ఏటీఎంలో సులభం కాదు. వేర్వేరు ప్యాకెట్ల సెల్‌లు కలగలిసిపోతే గమ్యస్థానంలో వాటిని విడదీయలేము. 2001లో ప్రమాణంగా వెలువడిన ఎంపీఎల్ఎస్‌లో ప్యాకెట్ ముక్కలు కాకుండా పూర్తిగా వెళుతుంది. అందువలన అనేక ప్రవాహాలు ఒకే లేబుల్‌ను పంచుకోగలవు.

ఇతర పద్ధతులలో

* ఎక్స్.25: 12 బిట్లు, 4,096 సంఖ్యలు
* ఫ్రేమ్ రిలే: సాధారణంగా 10 బిట్లు, 1,024 సంఖ్యలు
* ఎంపీఎల్ఎస్: 20 బిట్లు, 10,48,576 సంఖ్యలు