పగడాల తొట్టికి అమావాస్య

ఇంట్లో పగడాలు పెంచేవాళ్ల తొట్టిమీద రెండు దీపాలుంటాయి. పగటి దీపం పెద్దది, ఖరీదైనది. పగడాల ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు ఆ వెలుగుతోనే ఆహారం తయారుచేసుకుని, తామింత తిని ఆతిథ్యమిచ్చిన పగడానికింత పెడతాయి. దాని పక్కనే బఠాణీ గింజంత నీలం ఎల్ఈడీ ఒకటి ఉంటుంది. పెద్ద దీపం ఆరాక అది వెలుగుతుంది. దాన్ని మూన్‌లైట్ అంటారు. ఈ కథ ఆ చిన్న దీపానిది.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన పగడాల తొట్టి గురించి ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో రాశాడు. సముద్రపు నీరు, జీవులతో నిండిన రాళ్లు, గాలి బుడగలు, ఆరుబయటి వెలుగు. ఆయనకు ఇంతకుమించి అక్కర్లేకపోయింది. ఆ అలవాటు చలి దేశాల ఇళ్లలోకి చేరేసరికి ఎండ స్థానంలో ట్యూబులైట్లు, ఆ తర్వాత మెటల్ హాలైడ్ దీపాలు వచ్చాయి. వాటితో ఒక చిక్కు. టైమర్ స్విచ్ కొట్టగానే పట్టపగలు కాస్తా కటిక చీకటి అయిపోయేది, చేపలు బెదిరిపోయేవి. పైగా పగడాల తొట్టిలో అసలు సందడి రాత్రే. పగలు ముడుచుకున్న పగడాలు మీసాల్లాంటి స్పర్శకాలు చాచి ఆహారం వెతుకుతాయి. రొయ్యలు, పురుగులు రాతి సందుల్లోంచి బయటికొస్తాయి. అది చూడాలన్న ఆశతోనే జనం చిన్న నీలం బల్బును టైమర్‌కు తగిలించారు. అంటే ఆ దీపం మొదట పుట్టింది పగడం కోసం కాదు, మన కళ్ల కోసం.

ఆ బల్బు వేడెక్కేది. వెలుగును సన్నగా తగ్గించడం కష్టం. ఆ కొరత తీర్చింది జపాన్. ఎర్రటి ఎల్ఈడీని నిక్ హొలోన్యాక్ 1962లోనే చేసి చూపించినా, ప్రకాశవంతమైన నీలం కోసం మరో 30 ఏళ్లు పట్టింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాన్ని మచ్చిక చేసుకోవడం అంత కష్టమైంది. నగోయాలో ఇసాము అకసాకి, హిరోషి అమానో, తొకుషిమాలోని నిచియా కంపెనీలో షుజి నకమురా ఆ పని సాధించారు. 2014లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. వాళ్ల నీలంతోనే తెల్లటి వెలుగిచ్చే పొదుపైన దీపం సాధ్యమైంది. ఆ దారిలోనే పగడాల తొట్టికి చల్లగా ఉండే, ఏళ్ల తరబడి పనిచేసే, ఎంత సన్నగానైనా తగ్గించుకోగల దీపం కూడా దొరికింది.

ఇంతకీ నీలం ఎందుకు? వెన్నెల నీలం కాదు. అది చంద్రుడి నేలమీద పడి తిరిగొచ్చిన ఎండే, ఎండకంటే కాస్త పసుపుగా కూడా ఉంటుంది. మసక వెలుతురులో మన కంటిలోని రాడ్ కణాలు నీలం వైపు మొగ్గుతాయి కాబట్టి లోకమంతా నీలంగా తోస్తుంది. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త ఈ సంగతి గుర్తించాడు. అయితే సముద్రపు నీరు ఎరుపును ముందే మింగేస్తుంది, లోతుకు దిగేకొద్దీ మిగిలేది నీలమే. కాబట్టి అడుగున ఉన్న పగడానికి అందే వెన్నెల నిజంగానే నీలం. మన కంటి భ్రమతో ఎంచుకున్న రంగు సరైన రంగే అయింది.

ఆ దీపం అసలు పనేమిటో చెప్పే ఆధారం మాత్రం నీలం ఎల్ఈడీ రాకముందే ఆస్ట్రేలియాలో దొరికింది. 1981, 82లలో టౌన్స్‌విల్ దగ్గరి పగడపు దిబ్బల మీద జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక వింత చూశారు. ఏడాదిలో కొద్ది రాత్రుల్లోనే పదుల జాతుల పగడాలు ఒక్కసారిగా గుడ్లు, వీర్యం నీళ్లలోకి వదిలాయి. 1984లో సైన్స్ పత్రికలో ఆ వివరం అచ్చయింది. మన లెక్కలో చెప్పాలంటే అది ఆశ్వయుజ, కార్తీక పౌర్ణములు దాటాక, బహుళ చవితి నుంచి షష్ఠి మధ్య జరిగే పండగ. 2007లో పగడంలో క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్లు కనిపించాయి. అవి నీలం వెలుగుకు స్పందిస్తాయి. కళ్లు లేని ఈ జీవి చంద్రుణ్ణి గుర్తుపట్టేది వాటి సాయంతోనే కావచ్చు.

నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఆ తిథుల సంగతి. సంకటహర చవితి నాడు ఉపవాసమున్నవాళ్లకు బాగా తెలుసు, ఆ రాత్రి చంద్రుడు త్వరగా రాడు. పౌర్ణమి దాటాక చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పంచమి నాటికి పొద్దు గుంకాక మూడు నాలుగు గంటలు చీకటే. సూర్యాస్తమయానికీ చంద్రోదయానికీ నడుమ ఉండే ఆ చీకటే ఒక జాతి పగడానికి సంకేతమని తైవాన్ పరిశోధకులు 2021లో చూపించారు. పగడం ఎదురుచూసేది వెన్నెల తెరిపి ఇచ్చే ఆ ఘడియల కోసం.

లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 2012లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ కోరల్ చంద్రుడి లెక్కను యంత్రానికి నేర్పింది. జేమీ క్రాగ్స్ బృందం తొట్టిలో ఆ పగడాల సొంత దిబ్బ ఉన్నచోటి ఏడాది ఉష్ణోగ్రతలు, పగటి నిడివి, చంద్రుడి ఉదయాస్తమయాలు మైక్రోప్రాసెసర్ చేత నడిపించింది. చంద్రుడి పాత్ర ఎల్ఈడీలది. సముద్రానికి అంత దూరంలో, థేమ్స్ ఒడ్డు నగరంలో పగడాలు వాటి సొంత నెలలోనే గుడ్లు పెట్టాయి. హార్నిమన్ తోడ్పాటుతో ఫ్లోరిడా అక్వేరియంలో 2019లో స్తంభాల్లా పెరిగే అట్లాంటిక్ పగడం కూడా గుడ్లు పెట్టింది. అక్కడి సముద్రంలో అది అంతరించే దశలో ఉంది.

అందుకే ఇళ్లలో ఆ దీపాన్ని వాడే తీరు నాకు బాధ కలిగిస్తుంది. నిండు పౌర్ణమి వెలుగు మహా అయితే 0.3 లక్స్. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాటుతుంది. నీలం అందంగా ఉందని మూన్‌లైట్‌ను పెంచి, నెలంతా తెల్లవార్లూ వదిలేస్తే తొట్టిలో రోజూ పౌర్ణమే. పగడానికి తిథే ఉండదు. సముద్రంలోనూ ఇదే జరుగుతోంది. తీరపు దీపాల వెలుగు పడే దిబ్బల్లో పగడాలు పౌర్ణమికి ఒకటి నుంచి మూడు రోజులు దగ్గరగా గుడ్లు పెడుతున్నాయని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందరిదీ ఒకే ముహూర్తం కాకపోతే గుడ్డుకు వీర్యం దొరకదు.

మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటిని ఏరుకురావడం నేరం. చట్టబద్ధంగా తెచ్చిన పగడాలు మీ ఇంట్లో ఉంటే మాత్రం చంద్రుడి 29.5 రోజుల లెక్క తెలిసిన కంట్రోలర్ పెట్టండి. అది లేకపోతే గోడమీది తెలుగు క్యాలెండర్ చాలు. శుక్లపక్షంలో సన్నగా వెలిగించండి. పౌర్ణమి దాటాక రోజుకో 50 నిమిషాలు ఆలస్యం చేయండి. గదిలోని వెలుగు కూడా తొట్టిమీద పడకుండా చూడండి. అమావాస్య నాడు ఆ నీలం దీపాన్ని పూర్తిగా ఆర్పేయండి.