పెరటి తోటలో స్ట్రాబెర్రీ

ప్రబంధాలకు విధించిన అష్టాదశ వర్ణనలలో ఉద్యానవన వర్ణన ఒకటి. ఆ వర్ణనలలో ‘దోహదం’ అనే కవిసమయం తరచుగా కనిపిస్తుంది. అశోకం సుందరి పాదతాడనం చేత, గోరింట ఆమె ఆలింగనం చేత, తిలకం ఆమె చూపు చేత పూస్తాయని కవుల భావన. దోహదమంటే మొదట గర్భిణికి కలిగే కోరిక. చెట్టుకు కూడా అటువంటి కోరిక ఉంటుందని, అది తీరినప్పుడే పూస్తుందని కవులు ఊహించారు. నేటి వాడుకలో ఆ పదానికి తోడ్పాటు అనే అర్థం మాత్రమే మిగిలింది. అయినా, ప్రతి మొక్కకూ తనదైన కోరిక ఒకటి ఉంటుందనే ఆ భావనలో తోటపనికి పనికివచ్చే సత్యం లేకపోలేదు. ప్రాచీన తెలుగు కవులు ఎరుగని స్ట్రాబెర్రీ మొక్కే ఇందుకు చక్కని నిదర్శనం.

స్ట్రాబెర్రీ గులాబి కుటుంబానికి చెందినది. నేలను అంటిపెట్టుకొని జానెడు ఎత్తున గుబురుగా పెరుగుతుంది. నేడు అంగళ్ళలో కనిపించే పెద్దపండు రకం అడవిలో సహజంగా పుట్టినది కాదు. దాని పుట్టుకకు ఒక కథ ఉంది. అమెడె ఫ్రెజియే అనే ఫ్రెంచి సైనిక ఇంజనీరు దక్షిణ అమెరికాలోని చిలీ తీరంలో పెద్ద పండ్లు కాసే స్ట్రాబెర్రీని చూసి ముగ్ధుడయ్యాడు. 1714లో స్వదేశానికి మరలివస్తూ కొన్ని మొక్కలను ఓడలో వెంట తెచ్చాడు. నెలల తరబడి సాగిన ప్రయాణంలో, మంచినీటికి కరవైన ఆ ఓడలో, ఐదు మొక్కలు మాత్రమే బతికి బయటపడ్డాయి. ఫ్రాన్సు నేలలో అవి ఏపుగా పెరిగాయి, పూచాయి, పిల్లమొక్కలను కూడా పెట్టాయి. కాని కాయలు మాత్రం కాయలేదు. మంచి పండ్లున్న మొక్కలను ఏరి తెచ్చుకోవడంలో ఫ్రెజియే తనకు తెలియకుండానే ఆడమొక్కలను మాత్రమే తెచ్చాడు. పుప్పొడినిచ్చే తోడు వాటికి లేదు. అనంతర కాలంలో ఉత్తర అమెరికాకు చెందిన వర్జీనియా స్ట్రాబెర్రీ వాటి పక్కన పెరిగినప్పుడు ఆ మొక్కలు ఫలించాయి. ఆ రెండింటి కలయికలో పుట్టినదే నేటి సంకరజాతి. ఈ రహస్యాన్ని 1766లో వెలువడిన తన గ్రంథంలో విప్పి చెప్పిన ఆంత్వాన్ నికొలా ద్యుషేన్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

నేటి రకాల పూలలో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి కనుక ఫ్రెజియేకు ఎదురైన చిక్కు ఇప్పుడు లేదు. అయినా పచ్చగా కళకళలాడే మొక్క ఫలించకపోవడమనే వింత నేటి పెరళ్ళలోనూ జరుగుతూనే ఉంది. కారణాలు వేరు.

వాటిలో మొదటిది కాలం. స్ట్రాబెర్రీ కోరే దోహదం చలి. పగటి వేడి 15 నుండి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, రాత్రులు చల్లబడి, పగటి పొద్దు కురచైనప్పుడు మన దేశంలో పెంచే రకాలు చాలావరకు మొగ్గ తొడుగుతాయి. వేడి 30 డిగ్రీలు దాటితే పూత తగ్గిపోతుంది. అందుకే మన దేశంలో ఈ పంటకు మహారాష్ట్రలోని మహాబలేశ్వరం పుట్టినిల్లు వంటిదైంది. సుమారు 1,370 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండప్రాంతపు స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో మంచుకు పేరుపడిన లంబసింగి పరిసరాల్లో కూడా గిరిజన గ్రామాల చెంత ఈ తోటలు వెలిశాయి. మైదాన ప్రాంతాల వారు ఈ మొక్కను శీతకాలపు అతిథిగా భావించడమే మేలు. అక్టోబరు రెండవ పక్షం నుండి నవంబరు మధ్య వరకు నాటితే, సంక్రాంతికి కొంచెం ముందో వెనుకో పండు చేతికి వస్తుంది. హైదరాబాదు వంటి పీఠభూమి ప్రాంతాల్లో రాత్రులు చల్లగా ఉంటాయి కనుక కాపు కొంత మెరుగు. సముద్రతీర పట్టణాల్లో అంత ఆశించరాదు. నర్సరీలో పండుతో సహా నవనవలాడే మొక్కను చూసి మోజుపడి ఫిబ్రవరి చివర కొనితెచ్చేవారు, ఏప్రిల్‌లో అది మాడిపోతే తమ చేతివాసిని నిందించుకుంటారు. దోషం చేతిది కాదు, నెలది.

రెండవది నాటే లోతు. ఈ ఒక్క విషయంలో జరిగే పొరపాటే ఎక్కువ మొక్కలను బలిగొంటుంది. ఆకుల కాడలన్నీ ఒకచోటి నుండి పుట్టే కురచైన మొదలు స్ట్రాబెర్రీకి ప్రాణస్థానం. అది మట్టిలో పూడితే కుళ్ళిపోతుంది. మరీ పైకి తేలితే వేళ్ళు ఎండిపోతాయి. వేళ్ళు పూర్తిగా మట్టిలో ఉండి, మొదలు సరిగ్గా నేలమట్టాన నిలవాలి. మొదటి తడి పెట్టిన తరువాత మట్టి దిగబడుతుంది. అప్పుడు మరొకసారి చూసి సరిచేయడం అవసరం.

వేళ్ళు లోతుకు పోవు కనుక నేల గుల్లగా, నీరు నిలవనిదిగా ఉండాలి. స్వల్పంగా ఆమ్లగుణం గల ఎర్ర ఇసుక నేలలు అనుకూలం. నల్లరేగడిలో నేరుగా నాటడం కంటె, జానెడు ఎత్తున మళ్ళు కట్టి మట్టి మార్చుకోవడమో, కుండీలను ఆశ్రయించడమో మంచిది. మడిలో మొక్కకు మొక్కకు అడుగు దూరం చాలు. వంగ, టమాటా, మిరప పండించిన మడిలో మాత్రం వెంటనే స్ట్రాబెర్రీ నాటకూడదు. ఆ పంటలను ఆశించే వడలు తెగులు శిలీంధ్రం మట్టిలో నిలిచి ఉండి దీనికీ సోకుతుంది.

మూడవది ఎరువు. బాగా చివికిన పశువుల ఎరువు ఈ మొక్కకు హితం. అభిమానం కొద్దీ యూరియా గుప్పిస్తే ఆకులు చేటలంతలై, తీగలు నలువైపులా పాకుతాయి, పూత కరవవుతుంది. ఆ పాకుడు తీగల కొనల్లో పిల్లమొక్కలు పుట్టడం చూడముచ్చటైన దృశ్యమే. కాని తల్లిమొక్క బలమంతా వాటికే పోతుంది. పండు కావాలనుకునేవారు కాపు కాలంలో తీగలను ఎప్పటికప్పుడు కత్తిరించాలి. నాటిన తొలి వారాల్లో వచ్చే పూలను సైతం తుంచివేయాలి. మొదటి పువ్వును తుంచడానికి మనసొప్పనివారికి ఆనక దక్కేది ఒకటి రెండు గిడస పండ్లే.

పూత నిలిచిన తరువాత పని తేనెటీగలది. స్ట్రాబెర్రీలో తినే ఎర్రని కండ వృక్షశాస్త్ర దృష్టిలో ఫలం కాదు, ఉబ్బిన పుష్పాసనం. పైన గింజల వలె అంటుకొని ఉన్నవే అసలు ఫలాలు. వాటిలో ఫలదీకరణ జరిగిన చోటనే చుట్టూ ఉన్న కండ ఉబ్బుతుంది. జరగని చోట లొట్టపడుతుంది. వంకర పండును చూసి పురుగు పట్టిందనుకోవడం కద్దు. తరచుగా అది పుప్పొడి అందని ఫలితమే. తేనెటీగలు చేరని మేడమీది కుండీలలో మెత్తని కుంచెతో పూల నడిబొడ్డును మృదువుగా తుడిస్తే సరిపోతుంది.

నీటిని ఉదయంపూట మొదలు చుట్టూ పోయాలి, ఆకుల మీదా పండ్ల మీదా చల్లరాదు. తడిసిన పండుకు బూడిదరంగు బూజు పట్టి, ఒక దాని నుండి మరొక దానికి పాకుతుంది. పండు మట్టిని తాకకుండా మొక్క కింద వరిగడ్డి పరవడం చౌకైన రక్షణ. తేమ కూడా నిలుస్తుంది. ఉప్పదనాన్ని ఈ మొక్క ఏమాత్రం సహించదు. బోరునీటి వలన ఆకుల అంచులు మాడుతుంటే, నిలవచేసిన వాననీటిని వాడుకోవాలి. ఎండ ముదిరి గాలి పొడిబారగానే ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఆ ఆకులను తొలగించి, ఉదయాన నీటిధారతో ఆకుల అడుగుభాగాన్ని కడిగి, ఎండకు త్వరగా ఆరనిస్తే చాలావరకు అదుపులో ఉంటుంది.

పువ్వు పండుగా మారడానికి సుమారు నెలరోజులు పడుతుంది. మామిడిని, అరటిని కాయగా కోసి మాగవేయడం తెలుగువారికి తరతరాల అలవాటు. స్ట్రాబెర్రీ మాగే పండు కాదు. కోసిన తరువాత రంగు కొంత మారినా తీపి పెరగదు. కనుక తొడిమ వరకు ఎరుపెక్కిన తరువాతనే, ఉదయం చల్లని వేళ, ముచ్చికతో సహా కోయాలి. ఉడుతలూ పిట్టలూ అంతవరకు ఆగవు కనుక పలుచని వల కప్పడం తప్పనిసరి. ఒక్కొక్క మొక్క సీజను మొత్తం మీద పావుకిలో పండ్లు ఇచ్చినా పెరటిలో అది మంచి కాపే. ఇంటిల్లిపాదీ తినాలంటే పది పన్నెండు మొక్కలైనా ఉండాలి.

మార్చి ఎండలకు పూత ఆగిపోతుంది. చల్లని కొండప్రాంతాల్లో ఇవే మొక్కలు రెండు మూడేళ్ళు కాస్తాయి. మైదానాల్లో కొందరు ఆశతో పిల్లమొక్కలను నీడన కుండీలలో దాచిపెడతారు. వేసవిని, దాని వెంట వచ్చే తొలకరి ముసురును దాటి వాటిలో అక్టోబరుకు మిగిలేవి కొన్నే. మిగిలినవి ఆ తరువాతి మడిలో మొదటి వరుసకు పనికివస్తాయి.