తరువాయి భాగం... ఫోన్‌లో!

ఒకప్పుడు నవలా రచయితకు పాఠకుల్ని తెచ్చిపెట్టింది వారపత్రిక. ఇప్పుడా పని అరచేతిలోని ఫోన్ చేస్తోంది. ఏ ఎడిటర్ గడపా తొక్కకుండానే విశాఖ దగ్గరి ఆనందపురంలో రాసిన నవలను అమెరికాలో చదివించవచ్చు. చదివించడం తేలికే. చివరి భాగం దాకా పాఠకులను నిలబెట్టుకోవడమే అసలు పరీక్ష.

“తర్వాతి పార్ట్ ఎప్పుడండీ?”

ఆన్‌లైన్‌లో సీరియల్ రాసేవాళ్లకు ఇంతకన్నా తీపి ప్రశ్న ఉండదు. ‘చాలా బాగుంది’ అనే మాట మొహమాటానికి కూడా వస్తుంది. తర్వాత ఏమైందోనన్న ఆరాటం మాత్రం కథ పట్టుకుంటేనే పుడుతుంది. ఆ ఆరాటం మీదే తెలుగు నవల మొదటినుంచీ బతికింది.

అలవాటు పాతదే

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్ర’ను 1878 నుంచి తన ‘వివేకవర్ధని’ పత్రికలో విడతలుగా అచ్చేశారు. పుస్తకంగా వచ్చింది ఆ తర్వాత, 1880లో. విశాఖ గర్వంగా చెప్పుకునే రావిశాస్త్రి ‘అల్పజీవి’ని పాఠకులు ముందుగా చూసింది ‘భారతి’ మాసపత్రికలో. ఇక యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్, మల్లాది వెంకట కృష్ణమూర్తి సీరియళ్ల రోజుల్లో పత్రిక వచ్చిందంటే ఇంట్లో ‘ముందు నేనంటే నేను’ అని పోటీ. యండమూరి ‘తులసిదళం’ కోసం ఆంధ్రభూమి వీక్లీ కొన్నవాళ్లు నేటికీ అది పుట్టించిన భయం గురించి చెబుతారు.

టీవీ వచ్చి సాయంత్రాలను లాక్కుంది. వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. సీరియల్ అచ్చయ్యే చోటు కరిగిపోయిందేగానీ ఎదురుచూసే పాఠకులు ఎక్కడికీ పోలేదు.

తలుపులు తెరుచుకున్నాయి

ప్రవాసాంధ్రుల చొరవతో 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక మొదలైంది. కాలిఫోర్నియా నుంచి కిరణ్ ప్రభ 2007లో ‘కౌముది’ తెచ్చి, నెలనెలా సీరియల్ నవలలకు చోటిచ్చారు. ఇంగ్లిష్ కీబోర్డు మీదే తెలుగు రాసుకునే ‘లేఖిని’ లాంటి పరికరాలు వచ్చాక టైపింగ్ గండం గట్టెక్కింది. 2014లో మొదలైన బెంగళూరు సంస్థ ప్రతిలిపి మరో అడుగు ముందుకేసింది. అందులో ఎవరైనా రాయవచ్చు, భాగాలుగా పెట్టవచ్చు. చదివినవాళ్లు అక్కడికక్కడే నక్షత్రాలిస్తారు, సమీక్ష రాస్తారు, నచ్చితే అనుసరిస్తారు. వంటింట్లో, బస్సులో, నైట్ షిఫ్ట్ విరామంలో రాసేవాళ్లకు ఇదొక కొత్త అరుగు అయింది.

అన్ని తలుపులూ తెరుచుకోలేదు. 2016లో కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలకు చోటిచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. మరోవైపు, రవి మంత్రి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’ నవలను కుర్రకారు ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో చూసి వెతికి మరీ కొన్నారు. ఫోన్ అచ్చు పుస్తకాన్ని చంపేస్తుందన్నవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఆనందపురంలో కథలకేం కొదవ?

పాఠకులు ఎక్కడున్నా, కథ ఏదో ఒక ఊళ్లో పుట్టాలి. ఆనందపురం సంగతే చూడండి. పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన పూల మార్కెట్. బంతి, చామంతి, మల్లె, కనకాంబరం గోనెల్లో, బుట్టల్లో దిగుతాయి. శ్రావణంలో చుక్కలనంటిన ధర మూఢం రాగానే నేలకు దిగుతుంది. అమ్ముడుపోని బంతిపూలను తిరిగి మోసుకెళ్లాలా, అక్కడే పారబోయాలా అని లెక్కేసుకుంటున్న రైతు ముఖంలో ఒక అధ్యాయం ఉంది. అనకాపల్లి దాకా ఆరు వరుసల రోడ్డు పడ్డాక పొలాల్లో మొలిచిన లేఔట్ రాళ్లు మరో అధ్యాయం. 2021లో విశాఖ ఉక్కు ఫ్యాక్టరీని అమ్మేస్తామని కేంద్రం అన్నప్పటి నుంచీ కార్మికుల ఇళ్లల్లో నిద్రపట్టని రాత్రులు ఇంకొకటి.

ఇవి వదిలేసి ఎవరో ధనవంతుడైన హీరో, బలవంతపు పెళ్లి అనే అరిగిపోయిన మూసలో రాస్తే గుంపులో ఒకరవుతారు. మన ‘ఏటి సేస్తన్నావు’ యాసకు దూరదేశాల్లో ఉన్న ఉత్తరాంధ్ర పిల్లలు ఎంత మొహం వాచి ఉన్నారో రాసి చూస్తేనే తెలుస్తుంది.

పాఠకులు నిలవాలంటే

మొదటిది, మాట తప్పకూడదు. బుధవారం రాత్రి తొమ్మిదికి అంటే ఆ వేళకే భాగం పడాలి. పత్రికల సీరియళ్లను నిలబెట్టింది ఈ క్రమశిక్షణే. అందుకే కొన్ని భాగాలు ముందే రాసి దగ్గరుంచుకుని మొదలుపెట్టడం మేలు.

రెండోది, మొదటి పేరాలోనే కథ కదలాలి. ఫోన్‌లో పాఠకుడి వేలు ఎప్పుడూ పక్కకు తోసేయడానికే సిద్ధంగా ఉంటుంది. చిన్న పేరాలు, తెలిసిన మాటలు, భాగం చివర ఒక నిజమైన ప్రశ్న ఉంటే చాలు. ప్రతిసారీ ఎవరో ఒకరిని మెట్ల మీంచి తోసేయనక్కర్లేదు.

మూడోది, వ్యాఖ్యల్ని వినాలి, కానీ పగ్గాలు ఇవ్వకూడదు. ఆండీ వియర్ అనే అమెరికన్ 2009 నుంచి తన వెబ్‌సైట్‌లో ‘ది మార్షియన్’ను ఉచితంగా, అధ్యాయాలుగా పెట్టాడు. లెక్కల్లో, సైన్సులో తప్పులుంటే పాఠకులే పట్టిచ్చారు, అతను దిద్దుకున్నాడు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ ఆ నవల వేసింది. 2015లో సినిమా వచ్చింది. అతను పాఠకుల నుంచి తీసుకున్నవి సవరణలే. హీరోని బతికించమని అడిగారని కథ మార్చుకుంటూ పోతే అది మీ నవల కాదు.

నాలుగోది, ఎడిటర్ లేని లోటును మీరే పూడ్చుకోవాలి. అక్షరదోషాలు, ఐదో భాగంలో మేనత్త ఎనిమిదో భాగంలో పిన్ని కావడం లాంటివి పాఠకుడు క్షమించడు. నిర్మొహమాటంగా మాట్లాడే ఒక్క స్నేహితుడికి ముందుగా చదివించండి. చేయి తిరగాలంటే పాతవాళ్లను చదవాలి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం భాండాగారం నేడు నెట్‌లోనూ అందుబాటులో ఉంది.

హక్కులు మీవే

నవల రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. 1957 చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ల పాటు ఆ హక్కు ఉంటుంది. అయినా నవలల పీడీఎఫ్‌లు టెలిగ్రామ్‌లో చక్కర్లు కొడుతూనే ఉన్నాయి, అనుమతి లేకుండా యూట్యూబ్‌లో చదివేస్తూనే ఉన్నారు. రాతప్రతులు, తేదీలు భద్రపరచుకోండి. ఏ యాప్‌తోనైనా ఒప్పందానికి సరే నొక్కేముందు ఆడియో, సినిమా, అనువాద హక్కులు ఎవరికి పోతున్నాయో చదవండి. ఆదాయం గురించి మొదటి నవలకే ఆశలు పెంచుకోవద్దు. ఉద్యోగమో, వ్యవసాయమో వదిలేసి రాయాల్సిన పనిలేదు.

ఆన్‌లైన్‌లో మొదలైన సీరియళ్లకు లెక్కలేదు, ముగింపు దాకా వచ్చినవే తక్కువ. సగంలో ఆపిన రచయితను పాఠకులు రెండోసారి నమ్మరు. కాబట్టి లైకుల సంగతి తర్వాత, మొదలుపెట్టిన నవలను ముందు పూర్తి చేయండి. పాఠకులారా, మీకూ ఒక మనవి: నచ్చిన భాగం కింద రెండు ముక్కలు రాయండి, ఆ నవల పుస్తకంగా వస్తే పీడీఎఫ్ అడక్కుండా కొనండి.